టర్బో బండిలో నాకింగ్: ట్యూన్ చేయాల్సింది మే నెల ఘాట్‌కి

బొబ్బిలి నుంచి ఒక తమ్ముడు అడిగిన సంగతి ఇది. 1 లీటరు, మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ కారు, డైరెక్ట్ ఇంజెక్షన్. కంపెనీ నుంచి వచ్చినప్పుడు 110 హార్స్‌పవర్. జనవరిలో ఒకాయన ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి మ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో స్పార్క్, పెట్రోల్, టర్బో ఒత్తిడి ఎంతో చెప్పే పట్టికలు) మార్చి 135 చేశాడు. మూడు నెలలు బండి బాణంలా నడిచింది. ఏప్రిల్ చివర్లో నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ వేసుకుని సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు చప్పుడు మొదలైంది. పైకి చేరేసరికి పికప్ కూడా పడిపోయింది. మ్యాప్ చేసినాయనకి ఫోన్ చేస్తే "ఆక్టేన్ బూస్టర్ సీసా ఒకటి పొయ్యి, సరిపోద్ది" అన్నాడట. నిజంగా సరిపోతుందా, లేక మ్యాప్ తీసేయాలా అన్నది ప్రశ్న.

తమ్ముడూ, సీసాతో ఇది తీరదు. మ్యాప్ పూర్తిగా వదులుకోవాల్సిన అవసరం కూడా ఉండకపోవచ్చు. కానీ కారణం తేలేదాకా స్టాక్ మ్యాప్, అంటే కంపెనీ ఇచ్చినది, వేయించుకుని తిరుగు. పాత ఫైల్ మ్యాప్ చేసినాయన దగ్గర ఉండి తీరాలి. కొత్తది రాసే ముందు పాతది దాచుకోని మనిషి చేతికి మళ్ళీ బండి ఇవ్వకు. ఈలోగా ఘాట్ మాత్రం ఎక్కకు. ఆ చప్పుడు వస్తున్నంతసేపూ పిస్టన్ మీద దెబ్బ పడుతూనే ఉంటుంది.

నేను పని నేర్చుకున్నది సాలూరు లారీ షెడ్లలో. తర్వాత విజయనగరం వచ్చి కార్ల ఇంజిన్ల పనిలో పడ్డాను, ఇరవై ఏళ్ళు దాటింది. నీకు జరిగింది నాకూ జరిగింది, అదీ నా సొంత బండితో, నా సొంత చేతులతో. డిసెంబరులో నాలుగు రోజులు వరసగా, తెల్లారకముందే భోగాపురం వైపు హైవే మీదకి తీసుకెళ్ళి మ్యాప్ సర్దుకున్నాను. చలిగా ఉండేది, రోడ్డు ఖాళీ. ఆ గులకరాళ్ళ చప్పుడుని పసిగట్టే నాక్ సెన్సర్ ఒక్కసారి కూడా పలకలేదు. టైమింగ్‌ని, అంటే స్పార్క్ పడే సమయాన్ని, ఇంకో డిగ్రీ, ఇంకో డిగ్రీ అంటూ ముందుకి జరిపాను. మే నెలలో అమ్మని తీసుకుని ఎస్.కోట మీదుగా అరకు బయల్దేరాం. అనంతగిరి ఘాట్ సగంలో చప్పుడు, ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి సైలెన్సర్ నుంచి నీలం పొగ. ఆ ఎండలో అమ్మ రోడ్డు పక్కన రెండు గంటలు కూర్చుంది. ఇంజిన్ విప్పితే రెండో పిస్టన్‌కి పై రెండు రింగుల మధ్య ఉండే గట్టు విరిగి ఉంది. కంప్రెషన్ కొలిస్తే మిగతా సిలిండర్లలో 12 బార్, అందులో 5. నేను ట్యూన్ చేసింది డిసెంబరు తెల్లవారుజాముకి. బండి నడవాల్సింది మే నెల మధ్యాహ్నం, ఘాట్‌లో. నీ బండి కథ కూడా అదే అని నా గట్టి అనుమానం.

ఎందుకలా అవుతుందో తెలిస్తే మిగతాదంతా నీకే అర్థమవుతుంది. స్పార్క్ పడగానే సిలిండర్‌లోని పెట్రోల్, గాలి ఒక్కసారిగా భగ్గుమనవు. గడ్డివాముకి ఒక మూల నిప్పంటుకుంటే పాకినట్టు, ప్లగ్ దగ్గర పుట్టిన మంట గోడల వైపు పాకుతుంది. అలా పాకుతూ ఇంకా కాలని భాగాన్ని గోడ వైపు నెట్టి నొక్కేస్తుంది. నొక్కితే వేడెక్కుతుంది. మంట తన దగ్గరికి వచ్చేలోపే ఆ చివరి భాగం తనంతట తానే అంటుకుందంటే, అదే నాకింగ్. అంతా ఒక్క క్షణంలో కాలడంతో సిలిండర్ లోపల ఒత్తిడి అలలు పుట్టి గోడకీ గోడకీ కొట్టుకుంటాయి. 75 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు) ఉన్న ఇంజిన్‌లో ఆ అలలు సెకనుకి సుమారు ఏడున్నర వేల సార్లు కొట్టుకుంటాయి. నీకు వినిపించిన గులకరాళ్ళ చప్పుడు అదే. చప్పుడుకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. పిస్టన్ నెత్తి మీద, గోడల మీద ఎప్పుడూ ఒక పల్చటి గాలి పొర దుప్పటిలా ఉండి లోహాన్ని మంట నుంచి కాపాడుతుంది. ఈ అలలు ఆ పొరని చెరిపేస్తాయి. అప్పుడు వేడి నేరుగా అల్యూమినియంలోకి దిగుతుంది. వేడెక్కిన పిస్టన్ తర్వాతి సైకిల్‌లో నాకింగ్‌ని ఇంకా త్వరగా పిలుస్తుంది. ఒకసారి మొదలైతే ఘాట్ పైదాకా ఎందుకు ఆగదో దీన్నిబట్టే తెలుస్తుంది.

కాబట్టి ఇది మంటకీ, ఆ చివరి భాగానికీ మధ్య పందెం. చివరి భాగాన్ని తొందరపెట్టేవి వేడి, ఒత్తిడి, దానికి దొరికే సమయం. ఆక్టేన్ అంటే అది ఎంతసేపు ఓర్చుకోగలదో చెప్పే అంకె. అంతకుమించి శక్తి గురించి అది ఏమీ చెప్పదు.

ముందు వేడి లెక్క చూద్దాం, ఎందుకంటే మన ఊళ్ళలో అసలు దోషం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. టర్బో గాలిని నొక్కితే గాలి వేడెక్కుతుంది. 1 బార్ బూస్ట్ (టర్బో అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి), టర్బో సామర్థ్యం 70 శాతం అనుకో. జనవరి ఉదయం 20 డిగ్రీల గాలి టర్బో దాటేసరికి సుమారు 112 డిగ్రీలు అవుతుంది. మే నెలలో 42 డిగ్రీల గాలి సుమారు 140 అవుతుంది. ఇంటర్‌కూలర్ ఆ పెరిగిన వేడిలో 70 శాతం తీసేసిందనుకున్నా, ఇంజిన్‌లోకి వెళ్ళేది జనవరిలో 48 డిగ్రీల గాలి, మేలో 71 డిగ్రీల గాలి. అదే బండి, అదే మ్యాప్, అదే పెట్రోల్. 23 డిగ్రీల తేడా. పైగా ఆ 70 శాతం లెక్క బండికి ఎదురుగాలి బాగా తగులుతున్నప్పుడే. ఘాట్‌లో రెండో గేరులో 30 కిలోమీటర్ల వేగంతో, ముందు ఒక బొగ్గు లారీ, ఏసీ కండెన్సర్ వేడి ముందే తగులుతూ ఉంటే ఇంటర్‌కూలర్ కూడా చేతులెత్తేస్తుంది. నీళ్ళతో చల్లబరిచే రకమైతే కాస్త ఆలస్యంగా వేడెక్కుతుంది, చల్లారడం కూడా అంతే ఆలస్యం.

డైనో (బండిని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టి చూపించాం, నాకింగ్ రాలేదు అని చాలామంది చెబుతారు. డైనో మీద ఒక పుల్ పది పన్నెండు సెకన్లు. సుంకి ఘాట్ ఎక్కడానికి పట్టేది నిమిషాల్లో లెక్క. పది సెకన్లలో పిస్టన్‌కి, హెడ్‌కి, ఇంటర్‌కూలర్‌కి వేడి పూర్తిగా పట్టదు. డైనో షీట్ పవర్ ఎంతో చెబుతుంది. ఘాట్‌లో బండి బతుకుతుందో లేదో అది చెప్పలేదు.

సమయం లెక్క కూడా చూడు. 1800 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక డిగ్రీ తిరగడానికి సుమారు 93 మైక్రోసెకన్లు పడుతుంది. 5400 దగ్గర 31 మాత్రమే. అంటే తక్కువ స్పీడులో ఆ చివరి భాగానికి అంటుకోవడానికి మూడు రెట్ల సమయం దొరుకుతుంది. చిన్న టర్బోలేమో 1800 కల్లా నిండు బూస్ట్ ఇచ్చేస్తాయి. నాలుగో గేరులో 1700 మీద యాక్సిలేటర్ నేలకి నొక్కి ఎక్కించడమంటే ఎక్కువ ఒత్తిడి, ఎక్కువ సమయం రెండూ కలిపి చేతికివ్వడమే. గేరు దింపి 3000 దగ్గర పెట్టి ఎక్కితే ఇంజిన్ అరుస్తున్నట్టు అనిపిస్తుంది గానీ దానికి అదే సుఖం. సాలూరు లారీ డ్రైవర్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్తగా టర్బో కార్లు కొన్నవాళ్ళకి మాత్రం నేను ప్రతిసారీ చెబుతున్నాను.

ఇప్పుడు పెట్రోల్. ఇందులో ఒక పొరపాటు చాలా బళ్ళని పాడు చేసింది, జాగ్రత్తగా విను. మన దేశంలో బంకు మీద కనిపించే అంకె ఆర్‌ఓఎన్. అమెరికాలో బంకు మీద రాసేది ఆర్‌ఓఎన్ (తేలిక పరీక్షలో వచ్చే ఆక్టేన్), ఎంఓఎన్ (కఠిన పరీక్షలో వచ్చే ఆక్టేన్) రెండింటి సగటు. వాళ్ళ 91 మన లెక్కలో 95, 96కి దగ్గర. వాళ్ళ 93 మన 98కి దగ్గర. మన సాధారణ పెట్రోల్ ఎన్నో ఏళ్ళు 91 ఆర్‌ఓఎన్‌గానే అమ్ముడైంది. బయటి నుంచి కొన్న ఫైల్ పేరులో "91 ఆక్టేన్ స్టేజ్ 1" అని ఉంటే, అది మన 91కే అనుకుని ఎక్కించేస్తారు. నాలుగైదు ఆక్టేన్ల తేడా అంటే టైమింగ్‌లో కొన్ని డిగ్రీల తేడా. నీ ఫైల్ ఏ దేశంలో, ఏ పెట్రోల్‌కి రాశారో మ్యాప్ చేసినాయనని అడుగు. జవాబు తడబడితే నీకు సగం సమాధానం దొరికినట్టే.

ఆక్టేన్ బూస్టర్ సీసాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సీసా మీద "3 పాయింట్లు పెంచుతుంది" అని ఉంటే చాలావాటిలో అర్థం 0.3 ఆక్టేన్. పది పాయింట్లు అయితే ఒక ఆక్టేన్. మాంగనీస్ కలిపినవి ప్లగ్ పింగాణీ మీద నారింజ రంగు పూత వదులుతాయి, క్యాటలిస్ట్‌కి, ఆక్సిజన్ సెన్సర్‌కి మంచివి కావు. ఆ డబ్బుతో బంకులో ప్రీమియం పెట్రోల్ పోయించుకో. ఎక్స్‌పీ95 లాంటి 95 ఆక్టేన్ పెట్రోల్ దొరికితే అది చాలు. 100 ఆక్టేన్ ప్రతి ఊళ్ళో దొరకదు. దొరికినప్పుడు పోసుకుని దానికి సరిపడా మ్యాప్ వేయించుకుంటే, కోరాపుట్ దాటాక మామూలు పెట్రోల్ పోయాల్సి వచ్చిన రోజున ఇబ్బంది పడతావు.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక నాకింగ్ పెరిగిందా అని కూడా అడుగుతున్నారు. నాకింగ్ వరకు చూస్తే ఇథనాల్ మేలే చేస్తుంది. దాని ఆక్టేన్ 108 దాకా ఉంటుంది, ఆవిరవుతూ గాలిలోని వేడిని పెట్రోల్ కన్నా చాలా ఎక్కువగా లాక్కుంటుంది. చిక్కు వేరే చోట ఉంది. మామూలు పెట్రోల్‌కి ఒక వంతుకి 14.7 వంతుల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5. అంటే అంతే గాలికి దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. మెల్లగా వెళ్తున్నప్పుడు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని సర్దుకుంటుంది. కానీ మ్యాప్ పెంచిన బండిలో నిండు లోడ్ మీద పంపు, ఇంజెక్టర్లు ఇప్పటికే అంచున పని చేస్తుంటే ఆ 9 శాతం ఎక్కడి నుంచి తెస్తాయి? రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి అందే పెట్రోల్ ఒత్తిడి) పడిపోతుంది, మిశ్రమం పలచబడుతుంది, నాకింగ్ వస్తుంది. చివరికి ఈ20 మీద నింద పడుతుంది. ఇంకొకటి, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వానాకాలంలో ట్యాంకులోకి నీరు చేరి మోతాదు మించితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకి దిగిపోతాయి, పైన మిగిలిన పెట్రోల్‌కి ఆక్టేన్ తగ్గిపోతుంది. అందుకే ఈ20 ఎంత మంచిదైనా, సాధారణ పెట్రోల్ మీద నడిచే బండికి నేను మాత్రం 91నే మనసులో పెట్టుకుని టైమింగ్ రాస్తాను.

నాక్ సెన్సర్ ఉంది కదా, ఈసీయూ చూసుకోదా అని నువ్వు అనొచ్చు. చూసుకుంటుంది, కొంతవరకు. బ్లాక్‌కి బోల్ట్‌తో బిగించిన ఆ చిన్న సెన్సర్ ఇంజిన్ కంపనాన్ని కరెంటు సంకేతంగా మారుస్తుంది. ఏ సిలిండర్ మండే సమయంలో ఆ ఏడున్నర వేల కంపనం వచ్చిందో చూసి ఈసీయూ ఆ సిలిండర్ టైమింగ్‌ని రెండు మూడు డిగ్రీలు వెనక్కి లాగుతుంది, తర్వాత మెల్లమెల్లగా మళ్ళీ ముందుకి తెస్తుంది. నీ బండి పికప్ పడిపోయింది అందుకే. అది ఇంజిన్ ప్రాణం కాపాడుకునే ప్రయత్నం. కానీ ముందు నాకింగ్ జరగాలి, ఆ తర్వాతే అది వెనక్కి లాగుతుంది. ప్రతి మలుపులోనూ అదే జరుగుతుంటే ప్రతి మలుపులోనూ పిస్టన్ దెబ్బ తింటున్నట్టే. మ్యాప్ చేసేవాళ్ళలో కొందరు పవర్ పడిపోకుండా ఈ సెన్సర్ చెవినే మూసేస్తారు, అంటే గుర్తించే హద్దుని ఎత్తేస్తారు. నీ ఫైల్‌లో అలా చేశారేమో ముందు చూడాలి. చేసి ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా ఆ ఫైల్ తీసేయించు. సెన్సర్ బోల్ట్ బిగింపు కూడా ముఖ్యం. చాలా బళ్ళకి 20 న్యూటన్ మీటర్ల చుట్టూ ఉంటుంది, మీ బండి మాన్యువల్ అంకె చూసి టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. వదులైతే వినదు, ఎక్కువ బిగిస్తే తప్పు వింటుంది.

నాకింగ్ లాగే వినిపించి, నాకింగ్ కానివి కొన్ని ఉన్నాయి. ఖాళీగా ఆగి ఉన్నప్పుడు వచ్చే టిక్ టిక్ డైరెక్ట్ ఇంజెక్షన్ పంపు, ఇంజెక్టర్ల చప్పుడు, అది మామూలే. ఎగ్జాస్ట్ మీది రేకు కవచం వదులైతే ఒక ఆర్‌పీఎం దగ్గర మాత్రమే గిలగిలమంటుంది, గేరు ఏదైనా సరే. నాకింగ్ లోడ్‌ని బట్టి వస్తుంది, కాలు తీయగానే పోతుంది.

ఇంకొకటి ఉంది, అది నాకింగ్ కన్నా ప్రమాదం. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడ్ మీద స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకుంటుంది. గోడ మీద నుంచి ఎగిరిన ఇంజిన్ ఆయిల్ తుంపర, లేదా బొగ్గు రేణువు దానికి కారణం. గులకరాళ్ళ చప్పుడు రాదు, సుత్తితో ఒక్కటి కొట్టినట్టు "ఠాప్" మంటుంది. ఒక్క దెబ్బతో పిస్టన్ విరగొచ్చు. స్పార్క్‌తో సంబంధం లేదు కాబట్టి టైమింగ్ వెనక్కి లాగినా ఇది ఆగదు. ఆయిల్‌లోని కాల్షియం డిటర్జెంట్ దీన్ని పెంచుతుందని తేలాకే 2018లో ఏపీఐ ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ప్రమాణాలు వచ్చాయి. నీ ఆయిల్ డబ్బా మీద ఎస్‌పీ అని ఉందో లేదో ఈ రోజే చూడు. మ్యాప్‌లోనైతే 2300 లోపు టార్క్‌ని తగ్గించడం ఒక్కటే మందు. కింద కాస్త మెత్తగా అనిపిస్తుంది, అనిపించనీ.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలి? ల్యాప్‌టాప్ తెరవకముందు ప్లగ్గులు విప్పు. పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు ఉంటే నాకింగ్ జరిగింది. వాటి మధ్య వెండిలా మెరిసే చుక్కలు ఉంటే అది పిస్టన్ అల్యూమినియం, అప్పుడు బండి కదపకుండా కంప్రెషన్ టెస్ట్, బోరోస్కోప్ (సిలిండర్‌లోకి చిన్న కెమెరా దింపి చూడడం) చేయించు. చుక్కలు లేకపోతే ధైర్యంగా ముందుకెళ్ళు. 135కి పెంచిన బండికి ఒక మెట్టు చల్లటి ప్లగ్ (వేడిని త్వరగా వదిలేది), 0.7 మిల్లీమీటర్ల గ్యాప్ నేను వాడతాను.

తర్వాత బానెట్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని రేడియేటర్, ఇంటర్‌కూలర్ రెక్కలు చూడు. మన దగ్గర కోతల కాలంలో రోడ్డు మీదే గడ్డి పరుస్తారు, ధాన్యం ఆరబోస్తారు. ఆ పొట్టు, గడ్డి నలక రెక్కల్లో ఇరుక్కుని తర్వాత దుమ్ముతో కలిసి అట్ట కడుతుంది. నేను చూసిన బళ్ళలో ఒక శ్రీకాకుళం కారుకి ఇది కడగగానే ఇన్‌టేక్ వేడి ఘాట్‌లో పదకొండు డిగ్రీలు తగ్గింది. మ్యాప్ ముట్టుకోలేదు. మెత్తటి నీటి ధారతో ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగాలి, ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. కూలెంట్‌కి బదులు బోరింగు నీళ్ళు పోసి ఉంటే తీసేయి. నలభై వేల కిలోమీటర్లు దాటిన డైరెక్ట్ ఇంజెక్షన్ బండైతే వాల్వుల వెనక బొగ్గు కూడా చూడాలి. వాటిని కడగడానికి అక్కడ పెట్రోల్ పడదు. క్రాంక్‌కేస్ ఆవిరితో ఆయిల్ తుంపర ఎక్కువగా లోపలికి వస్తుంటే అదీ ఆక్టేన్‌ని చంపుతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నాయనుకున్నాక లాగ్ తీయాలి. ఓబీడీ పోర్టుకి (స్కానర్ తగిలించే సాకెట్‌కి) మంచి అడాప్టర్ పెట్టి ఆర్‌పీఎం, అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, టైమింగ్, సిలిండర్ వారీగా నాక్ రిటార్డ్ (నాకింగ్ వల్ల టైమింగ్ ఎంత వెనక్కి లాగిందో), ఇన్‌టేక్ గాలి వేడి, లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్ళు; 1 అంటే సరిపాళ్ళు, తగ్గితే పెట్రోల్ ఎక్కువ), రైల్ ప్రెషర్ ఒకే ఫైల్‌లోకి రావాలి. బండి నడిపేవాడు ఫోన్ చూడకూడదు, పక్కన ఇంకొకరు ఉండాలి. హైవే మీద వేగంగా కాదు, ఎదురుగా ఎవరూ లేని ఎగువ రోడ్డులో రెండో గేరు, మూడో గేరు, 1800 నుంచి 4500 దాకా చాలు. సమయం మధ్యాహ్నం రెండు గంటలు. ఏసీ వేసి. ట్యాంకులో నువ్వు రోజూ పోసే పెట్రోల్‌తో. చెవికి వినిపించే మొదటి చప్పుడుకే ఆపేయాలి.

ఆ లాగ్‌లో నేను చూసేది ఇదీ. ఒకే సిలిండర్ పదేపదే వెనక్కి లాగుతుంటే తప్పు ఆ సిలిండర్‌లోనే ఉంటుంది: ప్లగ్, ఇంజెక్టర్, కాయిల్, లేదా అక్కడ బొగ్గు. మూడూ కలిసి లాగుతుంటే పెట్రోల్, గాలి వేడి, లేదా మ్యాప్. గేరు మార్చే క్షణంలో ఒక డిగ్రీ, ఒకటిన్నర కనిపించి పోతే దాన్ని వదిలేస్తాను. నిలకడగా మూడు డిగ్రీలు దాటితే ఆ మ్యాప్ ఆ బండికి సరిపడలేదు. అడిగిన బూస్ట్ కన్నా వచ్చిన బూస్ట్ ఎక్కువుంటే, బూస్ట్‌ని హద్దులో ఉంచే వేస్ట్‌గేట్ సంగతి ముందు చూడాలి. రైల్ ప్రెషర్ అడిగినదానికి కిందకి పడిపోతుంటే టైమింగ్ ముట్టుకోవడం దండగ. లాంబ్డాని అంకెగానే చదువు, 14.7 లెక్కలో వద్దు, ఈ20తో ఆ లెక్క తప్పుతుంది. నిండు లోడ్‌లో 0.82 నుంచి 0.86 మధ్య ఉంటే నాకు తృప్తి. 0.78 కన్నా కిందకి దింపితే చల్లదనం పెద్దగా పెరగదు, పెట్రోల్ గోడ మీది ఆయిల్‌ని కడిగేస్తుంది.

మ్యాప్‌లో నేను మార్చే వరస: ముందు 2300 లోపు బూస్ట్ కోస్తాను. తర్వాత 2300 నుంచి 4000 మధ్య నాకింగ్ కనిపించిన గడుల్లో టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి. ఆపైన, నాకింగ్ ఆగిన చోటు నుంచి ఇంకో రెండు డిగ్రీలు. ఆ చివరి రెండూ బంకులో చెడ్డ పెట్రోల్ దొరికిన రోజు కోసం. టైమింగ్ ఎంతైనా వెనక్కి లాగొచ్చా అంటే, కాదు. ఆలస్యంగా మండిన మంట ఎగ్జాస్ట్‌లోకి వెళ్ళి టర్బోని కాలుస్తుంది. పెట్రోల్ టర్బోల్లో ఎగ్జాస్ట్ వేడి 950 డిగ్రీలు దాటనివ్వను. అక్కడ ఆగాల్సి వస్తే ఇక బూస్ట్ తగ్గించడమే దారి. లెక్కకి మొదలుపెట్టడానికి, ఒక పీఎస్ఐ బూస్ట్ తగ్గిస్తే సుమారు ఒక డిగ్రీ టైమింగ్ ఊపిరి దొరుకుతుంది.

అన్నిటికన్నా నీ మ్యాప్‌లో తప్పకుండా చూడాల్సింది గాలి వేడిని బట్టి టైమింగ్ తగ్గించే పట్టిక. బయటి ఫైళ్ళలో చాలావాటిని చల్లటి దేశంలో రాస్తారు, ఆ పట్టికని పవర్ కోసం పలచబరిచేస్తారు. గాలి వేడి 45 డిగ్రీల దాకా నేను టైమింగ్‌లో ఏమీ తీయను. 55కి రెండు డిగ్రీలు, 65కి నాలుగు, 75కి ఏడు తీస్తాను. 65 దాటితే బూస్ట్ కూడా దింపుతాను. ఇలా రాస్తే జనవరిలో నీకు 135 ఉంటుంది, మే నెల ఘాట్‌లో బహుశా 115 మిగులుతుంది. ఆ మిగిలింది కూడా నీ స్టాక్ బండి అదే ఎండలో ఇచ్చేదానికన్నా ఎక్కువే. నా బండికి ఈ పట్టిక సరిగా రాసుకున్నాక ఏడు వేసవులు గడిచాయి, అదే అనంతగిరి ఘాట్, అమ్మ ముందు సీట్లోనే కూర్చుంటుంది.

ఒక మాట తప్పక చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిలో మార్పుల గురించి మాట్లాడుతుంది, కంపెనీ వారంటీ కూడా మ్యాప్‌తో పోతుంది. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా నడిపి, ప్రమాదం జరిగాక తేలితే ఇంట్లోవాళ్ళకి కష్టం. ఈ సంగతి తెలిసే నిర్ణయం తీసుకో.

నువ్వు వెంటనే చేయాల్సింది: స్టాక్ మ్యాప్, ట్యాంకులో 95 పెట్రోల్, ప్లగ్గులు విప్పి చూడడం. విప్పేటప్పుడు ఏ ప్లగ్ ఏ సిలిండర్‌దో అట్టముక్క మీద 1, 2, 3 అని రాసి వరసగా పెట్టు, బెల్టు వైపున్నది 1. ఎండలో, నీడ పడకుండా, పింగాణీ కనిపించేలా ఒక్కోటి దగ్గరగా ఫోటో తీసి పంపు. ఆయిల్ డబ్బా మీది అక్షరాల ఫోటో కూడా. ప్లగ్గుల మీద వెండి చుక్కలు లేకపోతే స్టాక్ మ్యాప్ మీదే మొదటి లాగ్ తీద్దాం. అందులో కూడా నాకింగ్ కనిపిస్తే మ్యాప్ చేసినాయన తప్పు కాదు, బండిలోనే ఇంకేదో ఉంది.